గుండె పెరిగిందన్నరు, ఎకో రాసిన్రు: పాఠకుల ప్రశ్నలు, డాక్టర్ జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలల్ల చానా మందిది ఒకటే భయం, ఎక్స్‌రే తీసిన్రు, గుండె పెరిగిందన్నరు, ఇగ ఏమైతదో అని. అందుకే ఈ నెల వేరే ప్రశ్నలు పక్కన పెట్టి ఇవే తీసుకున్న.

ప్రశ్న: నమస్తే డాక్టర్ గారూ. మాది నర్సంపేట దగ్గర ఊరు, మిర్చి, పత్తి ఏస్తం. మా బాపుకు 58 ఏండ్లు, షుగర్ ఉంది, బీడీ తాగుతడు. నెల రోజుల సంది నాలుగడుగులు నడిస్తే దమ్మొస్తుంది, రాత్రి పండుకుంటే ఊపిరాడక లేచి కూసుంటుండు, కాళ్లు వాచినయ్. ఎక్స్‌రే తీపిస్తే గుండె పెరిగింది, వరంగల్ పోండ్రి అన్నరు. ఇక్కడ డాక్టర్ సారు టూడీ ఎకో రాసిండు. ఎక్స్‌రేల కనబడ్డంక మళ్ల స్కానింగ్ ఎందుకు, గోలీలు రాసిస్తే ఏసుకుంట కదా అని మా బాపు మొండికేసిండు. ఏం చేద్దాం?
– ఒక కొడుకు, నర్సంపేట

జవాబు: బాపుకు నా మాటగా చెప్పుండ్రి, ఆయనకున్న లక్షణాలకు ఎకో చెయ్యకుండ గోలీలు నడిపిస్తే అదే తప్పయితది. రాత్రి పండుకుంటే ఊపిరాడక లేస్తుండంటున్నరు కాబట్టి మిర్చి ఏరుడు అయినంక చూద్దాం, యార్డుకు తోలినంక చూద్దాం అనొద్దు, ఈ వారంలనే చేపియ్యండి.

ఎక్స్‌రేలో కనబడేది గుండె నీడ మాత్రమే. ఛాతీ లోపలి వెడల్పులో ఆ నీడ సగం కంటే ఎక్కువ ఉంటే గుండె పెరిగింది అని రాస్తరు, దానికున్న లెక్క అంతే. నీడ లోపల ఏముందో ఎక్స్‌రేకు తెల్వది. గుండెలో రక్తం నిండే గది సాగినా, ఆ గది గోడ మందమైనా, గుండె చుట్టూ ఉండే సంచిలో నీళ్లు చేరినా బయటికి పెద్దగనే కనబడతది. అసలు గుండె మంచిగ ఉండి కూడా పెద్దగ అనిపించొచ్చు, మంచం మీద పండవెట్టి తీసిన ఎక్స్‌రే అయితే, లేకుంటే మనిషి ఊపిరి పూర్తిగ పీల్చి ఆపకపోతే నీడ పెద్దగ వస్తది. ఇంకో దిక్కు, బీపీతో లోపల గోడలు బాగ మందమైనా ఎక్స్‌రే మాత్రం నార్మల్ వచ్చినోళ్లను రోజూ చూస్తనే ఉంటం.

ఎకోలో రేడియేషన్ లేదు, సూది లేదు, పరగడుపున రావాల్సిన పని కూడా లేదు. చెవికి వినబడని ధ్వనిని లోపలికి పంపి తిరిగొచ్చే దాన్ని పట్టి బొమ్మ తయారుచేస్తది. స్వీడన్‌లో 1953లో ఇంగె ఎడ్లర్ అనే గుండె డాక్టరు, హెల్ముత్ హెర్ట్స్ అనే ఫిజిక్స్ ఆయన కలిసి, ఓడలు తయారుచేసే కార్ఖానాలో లోహంలో పగుళ్లు పట్టడానికి వాడే మిషన్ అడిగి తెచ్చుకొని గుండె మీద పెట్టి చూసిన్రు, ఈ పరీక్ష అక్కడ పుట్టింది. ఇప్పుడు మిమ్మల్ని ఎడమ పక్కకు ఒత్తిగిల్లి పండుకోమంటరు, అట్ల పంటే గుండె ఛాతీ గోడకు దగ్గరికొస్తది, అడ్డమున్న ఊపిరితిత్తి కొంచెం జరుగుతది. చల్లటి జెల్ పూసి పక్కటెముకల సందులల్ల ప్రోబ్ అనే చేతిల పట్టే పరికరం ఆనిచ్చి చూస్తరు, మధ్యల ఊపిరి విడిచి ఆపమంటరు, అప్పుడు బాపు ఎంత మంచిగ ఆపితే బొమ్మ అంత మంచిగ వస్తది.

పెరిగిన గుండె అని రాసి పంపితే నా కన్ను ముందు పొయ్యేది నీళ్ల మీదికే. గుండె చుట్టూ నల్లటి పట్టీ లెక్క కనబడతయ్, 10 మిల్లీమీటర్ల లోపు ఉంటే కొంచెమే, 20 దాటితే ఎక్కువ కింద లెక్క. ఎంతున్నయ్ అన్నదాని కంటే గుండెను నొక్కుతున్నయా అన్నది ముఖ్యం, కుడి పక్క గదులు నిండాల్సిన టైంల లోపలికి నొక్కుకుపోతుంటే అది ఎమర్జెన్సీ, సూదేసి నీళ్లు తియ్యాలె. ఇట్లాంటి మనిషికి దమ్మొస్తుంది కదా అని లాసిక్స్ ఇచ్చి మూత్రం పోయిస్తే బీపీ ఇంకా పడిపోతది, ప్రాణం మీదికొస్తది. ఎకో లేకుండ గోలీలు వద్దనేది ఇందుకే.

నీళ్లు లేవనుకోండి, అప్పుడు ఎడమ కింది గది, రక్తాన్ని ఒంటికంతా తోసే గది చూస్తం. బాగ నిండినప్పుడు దాని అడ్డం కొలత మగోళ్లల్ల 58 మిల్లీమీటర్ల దాక, ఆడోళ్లల్ల 52 దాక నార్మల్. గోడ మందం మగోళ్లకు 10, ఆడోళ్లకు 9 దాక. ఈ రెండు కొలతలతోనే సగం కథ తేలుతది, గది సాగిందా, గోడ మందమైందా అని. ఎకో రిపోర్టు చేతికొచ్చినంక మీరు డాక్టర్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న కూడా అదే, ఏది పెరిగింది సార్ అని.

మీ బాపు వయసు, షుగర్, బీడీ చూస్తే నేను వెతికేది ఇంకోటుంది. గది సాగి బలహీనపడితే, అంతా ఒకే తీరు బలహీనపడ్డదా, లేకుంటే ఒక్క భాగమే కదుల్తలేదా అని. గుండెకు రక్తమిచ్చే నాళాలు మూడు, ఏ నాళం ఏ గోడకు పోతదో మాకు తెలుసు. ముందు గోడ, కింది కొన సన్నబడి, మిగతా గుండె కొట్టుకుంటున్నా అక్కడ మాత్రం కదలిక లేకుంటే ఆ నాళం మూసుకపోయి ఎప్పుడో అటాక్ వచ్చిపోయిందని అనుమానం. మా బాపుకు ఎన్నడు ఛాతి నొప్పి రాలే అంటరు చానా మంది, షుగర్ ఉన్నోళ్లకు నొప్పి లేకుండనే అటాక్ వచ్చిపోవచ్చు, గ్యాస్ అనుకొని ఈనో తాగి పండుకున్న రాత్రి అదే అయ్యుండొచ్చు. ఎకోలో బ్లాక్ కనబడదు, బ్లాక్ చేసిన నష్టం కనబడతది, బ్లాక్ చూడాలంటే యాంజియోగ్రామే.

మొత్తం గుండె ఒకే తీరు సాగి బలహీనపడితే ఎకో అక్కడిదాకనే చెప్తది, ఎందుకు అన్నది బొమ్మలో రాసి ఉండదు. మందు ఎక్కువ తాగినా, థైరాయిడ్ చెడినా, వైరల్ జ్వరం గుండెకు తగిలినా, రక్తసంబంధీకులల్ల జబ్బుండి వచ్చినా, గుండె నెలల తరబడి ఆగకుండ బాగ స్పీడుగా కొట్టుకున్నా ఆఖరికి బొమ్మ ఒక్క తీరే ఉంటది, మూడు నాళాలూ పాడైనోళ్లల్ల కూడా అట్ల ఉండొచ్చు. అందుకే డాక్టరు రక్తపరీక్షలు రాస్తడు, ఈసీజీ చూస్తడు, తాగుడు గురించి అడుగుతడు. అప్పుడు సిగ్గుపడి పండుగకు ఎప్పుడన్న ఒకటి అని దాయొద్దు, గుడుంబా అయినా, సీసా అయినా ఉన్నదున్నట్టు చెప్పాలె, ఎందుకంటే తాగుడు మూలాన పెరిగిన గుండె, తాగుడు పూర్తిగ మానేస్తే చానా మందిలో మళ్ల కోలుకుంటది, ఇది నేను ఆశ కల్పించడానికి చెప్తలేను, నిజంగనే కోలుకుంటది.

గోడ మందమైతే కథ వేరే. మన దగ్గర ఎక్కువ కారణం ఏండ్ల తరబడి పట్టించుకోని బీపీ, అప్పుడు గోడలు చుట్టూ సమానంగ మందమైతయ్. గుండె నుంచి ఒంటికి రక్తం పొయ్యే దారిలో ఉండే వాల్వు సన్నబడి ఉన్నా అట్లనే అయితది, అది ఎకోలనే రక్తం స్పీడు కొలిచే డాప్లర్‌లో దొరుకుతది, రక్తం అక్కడ సెకనుకు 4 మీటర్లు, అంతకంటే ఎక్కువ స్పీడుతో దూసుకపోతుంటే వాల్వు తీవ్రంగ సన్నబడ్డట్టు. ముసలోళ్లల్ల ఇంకోటుంది, ఎకోలో గోడలు బాగ మందంగ ఉంటయ్ గానీ ఈసీజీలో గీతలు మాత్రం చిన్నగ వస్తయ్, ఎన్నో ఏండ్ల బీపీ ఏ మందూ పెంచకుండనే తగ్గిపోతది, చేతులు తిమ్మిర్లెక్కుతయ్, అప్పుడు కండరంలో అమిలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకుందేమోనని చూడాలె. ఇది చానా రోజులు ఎవ్వరికీ దొరకకుండ తిరుగుతది, అందుకే రాస్తున్న.

కుడి పక్క గదులు పెద్దగైతే గుండె కంటే ముందు ఊపిరితిత్తులను అనుమానించాలె. జీవితమంతా బీడీ, లేకుంటే కట్టెల పొయ్యి ముందు పొగ పీల్చిన అమ్మలు, వీళ్లల్ల ఊపిరితిత్తుల ప్రెషర్ పెరిగి కుడి పక్క సాగుతది. చిన్నప్పటి సంది పై గదుల మధ్యల రంధ్రం ఉండి ముప్పై, నలభై ఏండ్లకు బయటపడేటోళ్లు కూడా ఉంటరు.

పోయేటప్పుడు పాత ఈసీజీలు, వేసుకునే గోలీల చీటీ, ఎక్స్‌రే ఫిల్మ్ అన్నీ పట్టుకపోండి. ఎకో అయిన దాక బాపును రెండు మూడు మెత్తలు ఎత్తుపెట్టి పండవెట్టండి, పచ్చడి, అప్పడాలు బంద్ చెయ్యండి. ఈ లోపట కూసున్నా దమ్ము ఆగకపోయినా, చెమటలు పట్టినా రిపోర్టు కోసం చూడొద్దు, సీదా దవాఖాన ఎమర్జెన్సీకి తీసుకపోండి.

ప్రశ్న: ఎకో రిపోర్టులో ఈఎఫ్ 60 శాతం, గ్రేడ్ వన్ డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్, ట్రివియల్ ఎంఆర్, ట్రివియల్ టీఆర్ అని ఉంది. నలభై శాతం గుండె పాడైందా మేడం? నాకు 63 ఏండ్లు, నిద్ర పడ్తలేదు.
– రిటైర్డ్ టీచర్, హనుమకొండ

జవాబు: సార్, మంచిగ నిద్రపోండి. గుండె తనలో నిండిన రక్తంలో ఒక్కో దెబ్బకు ఎంత తోస్తదో అదే ఈఎఫ్, నిండిందంతా తోసే గుండె ఎవ్వరికీ ఉండదు. మగోళ్లల్ల 52 నుంచి 72 దాక నార్మల్, మీది 60. గ్రేడ్ వన్ అంటే గుండె వదులయ్యేటప్పుడు కొంచెం నిదానంగ వదులైతుందని, అరవై దాటినోళ్లల్ల మస్తు మందికి ఉంటది. ఎంఆర్, టీఆర్ అంటే వాల్వుల దగ్గర రక్తం వెనక్కి లీకయ్యుడు, ట్రివియల్ అంటే లెక్కలోకి రానంత చిన్నది, అట్లాంటి లీకులు ఆరోగ్యంగ ఉన్నోళ్లల్ల కూడా కనబడతయ్. బీపీ మాత్రం కొలిపించుకుంట ఉండండి.

ప్రశ్న: నాకు 26. చిన్నప్పుడు కీళ్లు వాచి జ్వరం వచ్చేదని అమ్మ చెప్తది. ఇప్పుడు పత్తి ఏరబోతే ఆయాసం, గుండె దడ. ఎక్స్‌రేలో గుండె పెద్దగుందన్నరు, ఎకోలో మాత్రం పంపింగ్ బాగుందన్నరు, కానీ బెలూన్ చెయ్యాలె అంటున్నరు. పంపింగ్ బాగుంటే బెలూన్ ఎందుకు అక్కా?
– ఒక చెల్లె, మహబూబాబాద్

జవాబు: చెల్లె, నీ ప్రశ్న చానా సరైన ప్రశ్న. నీకు పెరిగింది తోసే గది కాదు, దాని పైనున్న గది. చిన్నప్పటి గొంతు నొప్పి, కీళ్ల జ్వరం ఆ రెండు గదుల మధ్యలుండే నీ మైట్రల్ వాల్వును అంటుకొని మందం చేసింది. ఎకోలో ఆ వాల్వును చూస్తే వెంటనే గుర్తుపడతం, రెక్క మధ్యల ఉబ్బి, కొస మాత్రం అతుక్కపోయి, హాకీ స్టిక్ వంగినట్టు వంగి తెరుచుకుంటది. మంచి వాల్వు 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు తెరుచుకుంటది, ఒకటిన్నర, అంతకంటే తక్కువకు వస్తే తీవ్రమైనట్టు. ఆ సందులకెల్లి రక్తం కిందికి పోలేక పై గది సాగుతది, వెనకనున్న ఊపిరితిత్తుల్లో ప్రెషర్ పెరుగుతది, దమ్ము అక్కడికెల్లి వస్తది. కింది గది పాపం మంచిగనే ఉంది, అందుకే పంపింగ్ బాగుంది. బెలూన్ పెట్టేది పంపింగ్ కోసం కాదు, అతుక్కపోయిన ఈ వాల్వును వెడల్పు చెయ్యడానికి.

బెలూన్‌కు ముందు గొంతులకెల్లి గొట్టం పంపి చేసే ఎకో ఒకటి చేస్తరు, దానికి మాత్రం పరగడుపున ఉండాలె. సాగిన పై గదిలో రక్తం గడ్డ దాక్కుని ఉంటే అది మామూలు ఎకోలో కనబడకపోవచ్చు, గడ్డ ఉండంగ బెలూన్ పెడితే అది కదిలి మెదడుకు పోతది, పక్షవాతం వస్తది. దడ అంటున్నవు కాబట్టి ఈసీజీ కూడా తీపిచ్చుకో. మూడు వారాలకోసారి వేసే పెన్సిలిన్ ఇంజెక్షన్ మొదలుపెడితే బెలూన్ అయినంక కూడా మానొద్దు, వాల్వు బాగ చెడినోళ్లకు నలభై ఏండ్లు వచ్చేదాక, కొందరికి అంతకు మించి కూడా నడిపిస్తరు. ఇంకా పెండ్లి, పిల్లల సంగతి ఉంటే ముందే డాక్టర్‌తో మాట్లాడు, గర్భంలో రక్తం పరిమాణం పెరిగినంక ఈ వాల్వు తట్టుకోదు, ఆరో నెలల ఆయాసంతో ఐసీయూకు వచ్చే కంటే ముందే బెలూన్ చేపిచ్చుకునుడు నీకూ మంచిది, పుట్టే బిడ్డకూ మంచిది.

ప్రశ్న: మా తమ్ముడు 22, కానిస్టేబుల్ పరీక్ష కోసం రోజూ పొద్దున జేఎన్ఎస్ స్టేడియంల పరుగు తీస్తడు. మెడికల్ కోసం చేపిస్తే ఈసీజీ తేడా ఉందన్నరు, ఎకోలో గుండె మధ్య గోడ 14 మిల్లీమీటర్లు అని వచ్చింది. పరుగు తీసేటోళ్లకు గుండె పెరుగుతది, ఏం కాదు అని కోచ్ అంటుండు. మా చిన్నాయిన 34 ఏండ్లకే చేన్ల పని చేస్తనే కూలిపోయి చనిపోయిండు.
– అక్క, హనుమకొండ

జవాబు: కోచ్ గారు చెప్పింది అబద్ధం కాదమ్మా, కసరత్తు చేసేటోళ్లకు గుండె పెరుగుతది. కానీ మీరు ఆఖరున రాసిన ఆ ఒక్క వాక్యం చూసి నేను ఆగిన. చిన్న వయసుల హఠాత్తుగ చనిపోయిన చిన్నాయిన ఉన్నడంటే, ఈ 14ను వదిలెయ్యడానికి లేదు. తేలేదాక పరుగు ఆపమనండి, పరీక్ష మళ్లొస్తది.

పుట్టుకతో వచ్చే జన్యువుల మూలాన కండరం మందమయ్యే జబ్బు ఒకటుంది, హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి అంటరు. 15 మిల్లీమీటర్లు, అంతకు మించితే ఆ జబ్బని లెక్క, ఇంట్ల ఎవరికన్న ఆ జబ్బు ఉన్నట్టు ఖాయమైతే 13కే అనుమానిస్తం. మీ తమ్మునిది రెంటి మధ్యల ఉంది, అందుకే ఒక్క కొలత చూసి ఎవ్వరూ తేల్చలేరు. పరుగుతో పెరిగిన గుండెలో గోడతో పాటు లోపలి గది కూడా పెద్దగైతది, తరచుగ 55 మిల్లీమీటర్లు దాటి ఉంటది, వదులయ్యేటప్పుడు సులువుగ వదులైతది. జబ్బు గుండెలో గది చిన్నగ, తరచుగ 45 లోపు, ఒక దిక్కు గోడనే ఎక్కువ మందంగ, వదులయ్యే తీరు బిగుసుగ ఉంటది. మైట్రల్ వాల్వు రెక్క ముందుకు లాగబడి బయటికి పొయ్యే దారికి అడ్డం పడుతుందేమో కూడా చూడాలె, కూసున్నప్పుడు అడ్డం లేకున్నా ముక్కి ఊపిరి బిగపట్టిస్తే బయటపడతది. అట్ల అడ్డం ఉన్నోళ్లకు ఛాతి నొప్పి అనంగనే నాలుక కింద సార్బిట్రేట్ గోలీ పెడితే అడ్డం ఇంకా పెరిగి కండ్లు తిరిగి పడిపోతరు.

ఇంకా తేలకపోతే ఎంఆర్ఐ చేస్తరు, లేకుంటే మూడు నెలలు పరుగు పూర్తిగ ఆపి మళ్ల ఎకో చేస్తరు, కసరత్తుతో వచ్చిన మందం అయితే తగ్గుతది. మీరు, మీ ఇంకా తోబుట్టువులు ఉంటే వాళ్లు, మీ నాయిన, అందరూ ఒక్కసారి ఎకో చేపిచ్చుకోండి. చిన్నాయినకు పిల్లలుంటే ముందు వాళ్లకు.

ప్రశ్న: మా ఆమెకు డెలివరీ అయ్యి రెండు నెలలు. ఆయాసం, కాళ్ల వాపు, పండుకుంటే దగ్గు. బాలింత వాపే పోతది అని మా అమ్మ పత్యం పెడుతుంది. ఎందుకైనా మంచిదని చూపిస్తే ఎకోలో ఈఎఫ్ 35 అన్నరు.
– జనగామ

జవాబు: తమ్మీ, నువ్వు చూపిచ్చి మంచి పని చేసినవ్. కాన్పుకు ముందు ఆఖరు నెల నుంచి కాన్పయినంక అయిదు నెలల దాక, అంతకుముందు గుండె జబ్బేం లేని ఆడపిల్లలల్ల ఇట్ల గుండె సాగి బలహీనపడొచ్చు. ఈఎఫ్ 45 కంటే తగ్గి, వేరే కారణం దొరకకుంటే దీనికి పెరిపార్టమ్ కార్డియోమయోపతి, అంటే కాన్పు టైంల వచ్చే గుండె కండరం జబ్బు, అని పేరు పెడతరు. వేరే కారణం లేదని చెప్పడానికే ఎకోలో వాల్వులన్నీ చూస్తరు, హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూస్తరు. రక్తం బాగ తక్కువున్నా గుండె సాగుతది, కానీ అప్పుడు మామూలుగ పంపింగ్ బలంగనే ఉంటది, మీ ఆమెది 35 కాబట్టి ఒక్క రక్తహీనత మీదికి తోసెయ్యడానికి లేదు.

మందులు వాడితే ఆరు నెలల్ల చానా మందికి గుండె మళ్ల నార్మల్‌కు వస్తది. ఆయాసం తగ్గింది కదా అని గోలీలు మీ అంతట మీరు ఆపొద్దు, ఎకో మళ్ల చూసినంకనే డాక్టర్ తగ్గిస్తడు. పాలిస్తుందా లేదా చెప్పండి, దాన్ని బట్టి గోలీలు మారుతయ్. అమ్మకు మెల్లగ చెప్పు, ఉప్పు పచ్చళ్లు, కారంపొడి ఈ కొన్ని నెలలు వద్దని. తర్వాతి కాన్పు మాట ఎకో చూపించి డాక్టర్ సరే అన్నంకనే, ఈఎఫ్ పూర్తిగ కోలుకోకుంటే ఇంకో గర్భం ఆమె ప్రాణానికి ప్రమాదం, ఈ మాట మీ ఇంట్ల పెద్దోళ్ల ముందు నువ్వే గట్టిగ చెప్పాలె, ఆమెతోటి చెప్పియ్యొద్దు.

ప్రశ్న: భూపాలపల్లిల ఉంటం. మా మామకు సాయంత్రం జ్వరం, బరువు తగ్గుడు, ఎక్స్‌రేలో గుండె చానా పెద్దగ వచ్చింది. ఎకోలో గుండె మంచిగుంది, చుట్టూ నీళ్లున్నయ్ అన్నరు. నీళ్లు తీసి టెస్టుకు పంపిన్రు. టీబీ గుండెకు కూడా వస్తదా?
– కోడలు

జవాబు: వస్తదమ్మా, మన దేశంలో గుండె చుట్టూ నీళ్లు చేరడానికి టీబీ ముఖ్యమైన కారణం. క్యాన్సర్, కిడ్నీ జబ్బు, థైరాయిడ్ తక్కువున్నా చేరుతయ్, అందుకే తీసిన నీళ్లను టెస్టుకు పంపుతరు. ఎకోలో ఆ నీళ్లల్ల దారాలు దారాలుగ కనబడితే టీబీ అనుమానం పెరుగుతది గానీ అది రుజువు కాదు. టీబీ అని తేలితే మందులు సర్కారు దవాఖానలో ఉచితంగనే ఇస్తరు, తక్కువలో తక్కువ ఆరు నెలలు, ఒక్క రోజు తప్పొద్దు. నీళ్లు పోయినయ్ కదా అని అక్కడితో ఎకోలు ఆపొద్దు. కొందరిలో ఆ సంచి గట్టిపడి గుండెను బిగిస్తది, అప్పుడు ఎక్స్‌రేలో గుండె మామూలు సైజుకు వచ్చినట్టే ఉంటది గానీ పొట్ట ఉబ్బుతది, కాళ్లు వాస్తయ్, మెడ నరాలు పొంగుతయ్. అట్లేమన్న కనబడితే లివర్ డాక్టర్ దగ్గరికి పోయే ముందు ఒక ఎకో చేపియ్యండి.